20,000 మందికి అర వాక్యం

నిద్ర పట్టట్లేదు. కారణం చెబితే మా ఇంట్లో నవ్వుతారు, అందుకని ఇక్కడ రాస్తున్నా. సాయంత్రం జర్మనీలోని హాంబర్గ్ రేవు గురించి ఒక పర్యాటక కరపత్రం కంటపడింది. ఎర్ర ఇటుక గోదాములు, కాలవలో దీపాల నీడలు, అన్నీ బాగానే ఉన్నాయి. మధ్యలో ఒకచోట "స్థలం ఖాళీ చేయించి" కట్టారని ఓ ముక్క. దాని తర్వాత కామా పెట్టి రాగి పైకప్పుల అందం మీదికి వెళ్లిపోయాడు.

ఆ కామా దగ్గరే ఆగిపోయాను. అక్కడ దాదాపు 20,000 మంది ఉండేవాళ్లు.

ష్పైషర్‌ష్టాట్ అని పిలిచే ఆ గోదాముల పేట ఎల్బ నది ఒడ్డున కేర్‌వీడర్, వాండ్‌రామ్ అనే రెండు పాత పేటల మీద లేచింది. మొదటిదాంట్లో రేవు కూలీలు, చేతిపనివాళ్లు. రెండోదాంట్లో పెద్ద వర్తకుల పాతకాలపు మేడలు. జర్మనీ 1871లోనే ఒక్కటైనా హాంబర్గ్ మాత్రం సుంకాల కూటమిలో చేరకుండా బిగదీసుకుని కూర్చుంది. జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ ఒత్తిడికి 1881లో దిగొచ్చి, ఒక షరతు పెట్టింది: రేవులో ఒక ముక్కకి సుంకం ఉండకూడదు. ఈ గోదాములు ఆ ముక్కలోవే. ఆ పనులకి జర్మనీ కేంద్ర ప్రభుత్వం 4 కోట్ల మార్కులు ఇచ్చింది. 1883 నుంచి సుమారు వెయ్యి ఇళ్లు కూల్చారు. ఇంటి యజమానులకి పరిహారం దక్కింది. అద్దెకున్నవాళ్లు మూటాముల్లె సర్దుకున్నారు.

రేవు కూలీకి ఏ రోజు పని ఆ రోజే. పొద్దున్నే ఓడ దగ్గర కనబడకపోతే ఆ పూట కూలి పోయినట్టే. అలాంటివాడిని ఊరి చివర బార్మ్‌బెక్‌కో హామర్‌బ్రూక్‌కో పొమ్మన్నారు. అంత దూరం పోలేనివాళ్లు మిగిలిన ఇరుకు సందుల్లోకే దూరారు, అద్దెలు పెరిగాయి. 1892లో కలరా వచ్చినప్పుడు 8,600 మంది దాకా పోయారు, ఆ ఇరుకు పేటలు మరీ దెబ్బతిన్నాయి. ఊరంతటికీ ఎల్బ నీళ్లని వడకట్టకుండానే కొళాయిల్లోకి వదిలారు మరి. పక్కనే ఆనుకుని ఉన్న ఆల్టోనా పట్నంలో ఇసుకలో వడకట్టారు, అక్కడ చావులు చాలా తక్కువ. ఇదంతా కరపత్రంలో ఇమడదని నాకూ తెలుసు. కానీ రాగి కప్పులకి మూడు పేరాలు ఇచ్చినవాడు వీళ్లకి ఒక పూర్తి వాక్యం ఇవ్వలేకపోయాడా?

ఆ రాగి కప్పుల గురించైనా సరిగా రాశాడా అంటే అదీ లేదు. గోడ పైకొసన గూడులా ముందుకి పొడుచుకొచ్చి ఉండేది అలంకారం కాదు, బరువులు పైకి లాగే వించ్‌కి గొడుగు. ప్రతి గోదాముకీ ఒక మొహం కాలవ వైపు, ఒక మొహం వీధి వైపు. ఓడలోంచి బస్తాలు ఇంజను లేని చదునైన బార్జిలోకి దిగేవి. పోటు నీళ్లు ఎక్కేటప్పుడు పొడుగు గెడతో దాన్ని కాలవలోకి నెట్టుకొచ్చేవాళ్లు. ఆటుకి దొరికితే బార్జి బురదలో కూలబడుతుంది. బస్తాల్ని తాడు ఉచ్చులో బిగించి కొక్కేనికి తగిలిస్తే పైనున్న వించ్ లాగుతుంది. మొదట్లో వీటిని ఒకే బాయిలర్ కేంద్రం నుంచి గొట్టాల్లో వచ్చే నీటి ఒత్తిడితో నడిపారు. బస్తాలు తలుపు ఎత్తుకి రాగానే అంతస్తులో ఉన్నవాడు వంగి పట్టుకుని లోపలికి లాగాలి, సరిగ్గా అదే క్షణంలో వించ్ వదలాలి. ముందే వదిలితే బస్తాలు ఊగి గోడకి కొట్టుకుంటాయి. ఉచ్చు ఒక పక్కకి ఒరిగితే జారి నీళ్లలో పడతాయి.

లోపలి పని ఇంకా సున్నితం. కాఫీ గింజ చెమ్మనీ వాసననీ ఇట్టే పట్టేస్తుంది, మిరియాల పక్కనో తోళ్ల పక్కనో పెట్టకూడదు. మరీ ఆరితే తూకం పోతుంది, చెమ్మ తగిలితే బూజు. అంత మందం గోడలు కట్టింది అందుకే, వేడీ చలీ ఒక్కసారిగా మారవు. సరుకు తూచడం, నమూనా తీయడం, కలపడం అంతా క్వార్టియర్స్‌లాయ్టె అనే గోదాము మేస్త్రీలది. సంస్థకి ఒకరి పేరే ఉండేది, మిగతా భాగస్వాములంతా "ఉండ్ కొన్‌సార్టెన్" (మరియు భాగస్వాములు) అన్న తోకలో సరి. బల్లల ముందు ఆడవాళ్లు కూర్చుని బియ్యంలో రాళ్లేరినట్టు నల్ల గింజలు ఏరేవాళ్లు. పులిసిన గింజ ఒక్కటి ఉన్నా కాచిన కాఫీ మొత్తం కంపు కొడుతుంది.

ఇంత రాశాక నా కోపం కాస్త పక్కకి జరిగిందని ఒప్పుకోవాలి. మిరియాలు దిగిన రోజే సుంకం కట్టాల్సొస్తే, కొనేవాడు దొరికేదాకా వర్తకుడి డబ్బు ఇరుక్కుపోతుంది. సరుకు ఇంకో దేశానికి పోయేదైతే ఆ సుంకం కట్టడంలోనే అర్థం లేదు. సుంకం లేని రేవు లేకపోతే ఓడలు రాటర్‌డామ్‌కో ఆంట్‌వెర్ప్‌కో మళ్లేవి, ఇల్లు పోయిన కూలీకి పని కూడా పోయేది. అయినా అది ఊరి నడిబొడ్డునే ఎందుకు? వర్తకుల కచేరీలు, ఎక్స్ఛేంజీ కాలవకి అవతలే ఉన్నాయి కాబట్టి. వాళ్ల నడక దూరం పెరగకూడదు మరి. ఇక్కడికి వచ్చేసరికి మళ్లీ ఒళ్లు మండుతోంది.

పేట పక్కనే ఉన్న ఎల్బ్‌ఫిల్‌హార్మొనీ అనే కొత్త సంగీత భవనం మీద కూడా నాకు గుర్రుగా ఉండేది. కోకో, పొగాకు దాచిన 1960ల నాటి గోదాము మీద గాజు కిరీటం పెట్టి 2017లో తెరిచారు, ప్రజల సొమ్మే 78.9 కోట్ల యూరోలు. ఇప్పుడు అంత లేదు. ఆ గోదాము కూడా 1875 నాటి గడియారం బురుజున్న గోదాముని 1963లో పేల్చేసి కట్టిందే. 1943 బాంబుల్లో పేట సగం దాకా పోయింది, కాల్‌మోర్గెన్ అనే వాస్తుశిల్పి 1967 దాకా తిరిగి కట్టాడు. మరుసటేడే నిండా కంటెయినర్లతో మొదటి ఓడ వచ్చింది. కంటెయినర్ ఆ కాలవల్లో పట్టదు. అంతస్తుల్లో తివాచీలు చేరాయి, ఇప్పుడు మ్యూజియంలు. 2003లో సుంకం లేని రేవు గీత నుంచి పేట బయటికొచ్చింది, 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ పలక వచ్చింది.

జనం మాత్రం తిరిగి రాలేదు. పేట వరద కట్టకి బయట ఉంది. 1962 ఫిబ్రవరి ఉప్పెనలో నీళ్లు సముద్రమట్టం మీద 5.70 మీటర్లకి ఎక్కి నగరంలో 315 మంది పోయారు. పక్కనే కొత్తగా కట్టిన హాఫెన్‌సిటీలో నేలని సముద్రమట్టం మీద 8, 9 మీటర్ల దాకా ఎత్తి ఇళ్లు కట్టారు. పాత గోదాముల్ని అలా ఎత్తలేరు కదా. వీధి మునిగితే ఫైరింజను లోపలికి రాలేదు, అందుకే అక్కడ కాపురాలకి మామూలుగా అనుమతి ఉండదు. ఉప్పెన రోజున హాఫెన్‌సిటీ నుంచి బయటపడటానికి మాత్రం ఈ పేట మీదుగానే ఎత్తుగా కిబెల్‌ష్టేగ్ వంతెనలు వేశారు.