ఏటికి ఆవల ఆదిలక్ష్మి

నరసింహస్వామి వెలసిన పెంచలకోనకు ప్రయాణం అనుకున్న రోజునే మా పెద్దమ్మ రెండు చీరలు కొని తెచ్చింది. స్వామి దేవేరులిద్దరిలో ఒకటి చెంచులక్ష్మమ్మకు, మరొకటి ఆదిలక్ష్మమ్మకు. రంగులోగాని, అంచులోగాని, ధరలోగాని రెండింటికీ ఆవగింజంత తేడా లేకుండా చూసుకోవడానికి నెల్లూరులో ఆమె ఎన్ని కొట్లు ఎక్కి దిగిందో సంచులు మోసిన నాకు తెలుసు.

శనివారం తెల్లవారుజామున బయలుదేరిన మా బస్సులో పొదలకూరు దాకా నిలబడవలసే వచ్చింది. ఆ తరువాత నిమ్మతోటలు, రాపూరు, ఆ వెనుక పడమటి దిక్కంతా పరుచుకున్న వెలిగొండలు. రాపూరులో ఎవరో కిటికీ దగ్గరకు వచ్చి "పెంచలయ్యా" అని కేకవేస్తే బస్సులో ఇద్దరు ఒకేసారి తలలు తిప్పారు. పెంచలయ్య, పెంచలమ్మ, పెంచల్ రెడ్డి అన్న పేర్లు వినబడని ఊరు ఈ ప్రాంతంలో అరుదు కనుక మాకెవరికీ అది వింత అనిపించలేదు.

బయలుదేరే ముందు వారం రోజులుగా నేను భాగవతం సప్తమ స్కంధం చదువుతున్నాను. పగలూ రాత్రీ కాని సంధ్యవేళ, లోపలా బయటా కాని గడప మీద, నేలా ఆకాశమూ కాని తన తొడల మీద హిరణ్యకశిపుణ్ణి ఉంచుకొని గోళ్లతో చీల్చిన ఘట్టం అందరికీ తెలిసినదే. నన్ను ఆపింది ఆ తరువాతి భాగం. రాక్షసుడు చచ్చినా స్వామి కోపం చల్లారలేదు. బ్రహ్మరుద్రాదులు దూరం నుండే స్తోత్రాలు చేశారు. చివరకు దేవతలు లక్ష్మీదేవిని పంపగా, తాను మునుపెన్నడూ చూడని, వినని ఆ రూపాన్ని చూసి ఆమె కూడా జంకి దగ్గరకు పోలేదు. అప్పుడు బ్రహ్మ ప్రహ్లాదుణ్ణి పంపాడు. పసివాడు పాదాలపై పడితే స్వామి వాడి తల మీద చెయ్యి వేశాడు, కోపం దిగింది.

కోనలో చెప్పుకొనే కథ వేరు. చల్లారని కోపంతో ఈ కొండల్లో తిరుగుతున్న స్వామి ఒక చెంచుపిల్లను చూసి శాంతించి, ఆమెను పెళ్లాడి, ఆమెతో పెనవేసుకొని శిలగా నిలిచాడట. పెనుశిల అన్న మాటే వాడుకలో పెంచల అయిందంటారు. భాగవతంలో ఈ చెంచుపిల్ల లేదు. మన గుడ్లూరి ఎర్రాప్రగడ 14వ శతాబ్దంలో నృసింహపురాణం రాసినా అది అహోబిల క్షేత్ర మహిమ. పుస్తకంలో లేని కథ గనుక దీన్ని తక్కువగా చూడవలసిన పనిలేదని గర్భగుడి ముందు నిలబడ్డాక నాకు తోచింది. అక్కడ ఉన్నది సింహముఖం చెక్కిన విగ్రహం కాదు, ఒకదానినొకటి చుట్టుకొన్నట్టున్న రాతిరూపం. జనం వెనుకనుంచి నెడుతుండగా నాకు చిక్కిన కొద్ది క్షణాల్లో ఆ రాతిలో కోపం జాడ కనబడలేదు.

చెంచులక్ష్మమ్మకు మొదటి చీర సమర్పించి, రెండో చీరతో ఏటి వైపు నడిచాము. భర్త మరో పెళ్లి చేసుకొన్నాడని తెలిసిన ఆదిలక్ష్మి అలిగి ఏరు దాటి ఆవలి గట్టున ఉండిపోయిందని ఇక్కడివారు చెబుతారు. ఆమె గుడి నేటికీ వేరుగానే ఉంది. దారిలో నేను పెద్దమ్మకు భాగవతంలోని మాట చెప్పాను. లక్ష్మీదేవి అక్కడా దూరంగానే నిలబడిందని, అయితే అది భయం వల్లనని అన్నాను. పెద్దమ్మ ఆగి నా వైపు చూసింది.

"భయమేంది అబ్బయా? కట్టుకున్నోణ్ణి చూసి భయపడి ఇంత దూరం వచ్చి కూర్చుంటుందా? అలిగింది. భయమైతే ఆయన నెమ్మదించినాక తిరిగి పోయుండేది గదా!"

దానికి నా దగ్గర సమాధానం లేకపోయింది. ఒకే దూరాన్ని సంస్కృతంలో రాసినవారు జంకుగా చూశారు, కోనలో బతికినవారు అలకగా చూశారు. పెద్దమ్మకు మాత్రం రెండో లెక్కే సరిపోయింది. వైశాఖమాసపు బ్రహ్మోత్సవాల్లో స్వామిని ఇద్దరు దేవేరులతోనూ కలిపి కొలుస్తారు కదా అన్నాను. "ఉత్సవానికి కలుస్తారు, కాపురానికి గాదు" అని ఆమె నడక సాగించింది.

ఏటిలో నీరు పాదాలు మునిగేంతే ఉంది. గుడిలో పూజారి చీర అందుకొన్న తరువాత పెద్దమ్మ చాలాసేపు కళ్లు మూసుకొని నిలబడింది. తిరిగి వస్తుంటే ఏం మొక్కుకున్నావని అడిగాను.

"మొక్కేమీ లేదు. ఆయమ్మకు పెట్టింది గూడా ఇట్టాంటిదేనని చెప్పినా" అన్నది.