ఎనిమిది రియాళ్ల నాణెం అసలుదేనని తేల్చుకునేసరికి

మెక్సికో సిటీలో మేం అద్దెకుండే ఇంటి ఓనరమ్మ దగ్గర, వాళ్లాయన దాచిపెట్టిన పాత వెండి నాణెం ఒకటుంది. ఆయన పోయాక దాన్ని అమ్మేద్దామనుకుంది. నేను మెటలర్జీ చదివానని ఆవిడకు తెలుసు, అందుకే అసలుదో నకిలీదో చూసిపెట్టమని నన్నడిగింది. నిన్నటితో ఆ పని తేలిపోయింది. అసలుదే. కానీ మధ్యలో ఒక కొట్టువాడు ఆ పెద్దావిడను నలుగురిలో అవమానించిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. ఆ కోపంలోనే ఇది రాస్తున్నాను.

నాణెం 1796 నాటిది. ఒకవైపు స్పెయిన్ రాజు నాలుగో చార్లెస్ బొమ్మ, రెండోవైపు కిరీటం కింద కోటలూ సింహాలూ ఉన్న డాలు, దానికి చెరోపక్కన స్తంభం. విలువ 8 రియాళ్లు, అప్పట్లో మెక్సికోను ఏలిన స్పెయిన్ డబ్బు అది. స్పానిష్ డాలర్ అంటే ఇదే. అమెరికాలో 1857 దాకా చట్టబద్ధంగా చెల్లింది. చైనా వ్యాపారులు దీని మీద తమ ముద్రలు కొట్టుకుని మరీ వాడారు. దీనికంటే ముందు కాలపు రియాళ్లు 17వ శతాబ్దంలోనే డచ్చి, ఇంగ్లీషు కంపెనీల ఓడల్లో మన మచిలీపట్నానికి కూడా వచ్చాయి. ఇన్ని దేశాలు తిరిగిన డబ్బు కాబట్టే దీనికి అన్ని నకిలీలు. చెలామణిలో ఉన్న రోజుల్లోనే దొంగ నాణేలు చేశారు, ఇప్పటికీ చేస్తూనే ఉన్నారు.

తేలిక పనులు ముందు చూశాను. అయస్కాంతానికి అంటుకోలేదు. తూకం 26.8 గ్రాములు, ఉండాల్సింది 27 గ్రాముల పైచిలుకు, అరుగుదలకు ఆ కాస్త తేడా సరిపోతుంది. అక్షరాలూ కుదిరాయి. ఎం అక్షరం నెత్తిన చిన్న సున్నా ఉంటే మెక్సికో టంకశాల అని అర్థం. పక్కన ఎఫ్, ఎం అని రెండు అక్షరాలున్నాయి, అవి వెండి నాణ్యత పరీక్షించిన అధికారుల గుర్తులు. ఆ జంట మెక్సికోలో 1784 నుంచి 1801 దాకా కనిపిస్తుంది. నకిలీలు చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి, ఒక టంకశాల గుర్తు పక్కన ఇంకో టంకశాల అధికారుల అక్షరాలు కొడతారు. మూడో చార్లెస్ పేరుతో 1800 తర్వాతి సంవత్సరం వేసినవీ ఉంటాయి. ఆయన 1788లోనే చనిపోయాడు.

తర్వాత నీళ్ల పరీక్ష. దీనికి ఎవరి దయా అక్కర్లేదు, వంటింట్లోనే అయిపోతుంది. గ్రాములో వందో వంతు చూపించే చిన్న కాటా మీద గ్లాసుతో నీళ్లు పెట్టి సున్నా చేశాను. నాణేన్ని సన్నటి దారానికి కట్టి, అడుగు తగలకుండా, అంచులు తగలకుండా నీళ్లలో వేలాడదీశాను. కిరీటం దగ్గర ఒక గాలిబుడగ అంటుకుని ఉంది, దారం కాస్త కదిపితే పోయింది. కాటా 2.60 చూపించింది, అంటే నాణెం పక్కకి నెట్టిన నీళ్ల బరువు అంత. 26.8ని దాంతో భాగిస్తే 10.3. ఈ కాలపు నాణెంలో వెండి 90 శాతానికి కొంచెం తక్కువ, మిగతాది రాగి. ఆ మిశ్రమానికి రావాల్సిన సాంద్రత సరిగ్గా అదే. పేరుకే సిల్వర్ అయిన జర్మన్ సిల్వర్ (రాగి, నికెల్, జింకు మిశ్రమం) అయితే కాటా మూడు దాటేది. చదువుకున్న చదువు ఇన్నేళ్లకు ఒకరి ఇంట్లో పనికొచ్చిందని గర్వంగానే అనిపించింది.

అయినా అమ్మాలంటే నాణేల వ్యాపారి మాట కావాలి కదా అని ఓనరమ్మను వెంటబెట్టుకుని ఊరి పాత బజార్లో ఒక కొట్టుకి వెళ్లాను. అక్కడే మొదలైంది అసలు గొడవ.

అతను నాణేన్ని చేతిలోకి తీసుకుని భూతద్దం కూడా పెట్టకుండా గాజు బల్ల మీద టంగుమని పడేశాడు. "మోత సరిగా లేదు" అన్నాడు. రాజు పేరు పక్కనున్న IIII చూపించి, రోమన్ అంకెల్లో నాలుగు ఇలా రాయరు, IV అని రాయాలి, నాలుగు గీతలు గీసినవాడికి లెక్క రాదు అన్నాడు. కొట్లో ఉన్నవాళ్లు నవ్వారు. తర్వాత నాణేన్ని పక్కకి తిప్పి అంచు చూపించాడు. అంచు చుట్టూ ఒక సున్నా, ఒక దీర్ఘచతురస్రం, మళ్లీ సున్నా, అలా వరసగా చెక్కి ఉంటుంది. ఒకచోట ఆ వరస చెదిరి సున్నా మీదకి చతురస్రం ఎక్కింది. "ఇదిగో, పోతపోసి అతికించిన చోటు. మీ ఆయన్ని ఎవడో బాగా మోసం చేశాడమ్మా" అని ఓనరమ్మ మొహం మీదే అన్నాడు. నాకేసి తిరిగి, "కుర్రాడా, ఇలాంటివి తెలిసినవాళ్లకు వదిలెయ్యాలి" అన్నాడు. లోపల ఏముందో చూద్దామంటూ సొరుగులోంచి ఆకురాయి తీశాడు. నేను చెయ్యి అడ్డం పెట్టి నాణెం లాక్కున్నాను. అప్పుడు గొంతు తగ్గించి ఏమన్నాడో తెలుసా? పోనీ, వెండి ధరకు తీసుకుంటానన్నాడు.

నకిలీదైతే వెండి ధర ఎందుకిస్తాడు? ఆ ఒక్క మాటతో అతని సంగతి నాకు అర్థమైంది. కానీ ఓనరమ్మ అప్పటికే బయటికి నడిచింది. దారి పొడుగునా మాట్లాడలేదు. చనిపోయిన భర్తను తెలివితక్కువవాడని పదిమందిలో అంటే ఏ ఆడమనిషికైనా ఎలా ఉంటుంది? వ్యాపారంలో బేరం ఆడొచ్చు, తక్కువ ధర చెప్పొచ్చు, కానీ పోయినవాళ్లను తక్కువ చేసి సరుకు చవగ్గా కొట్టేసే హక్కు ఎవరికీ లేదు.

అంకెల సంగతి సులువుగానే తేలింది. 1791 నుంచి ఈ రాజు సొంత బొమ్మతో వచ్చిన నాణేల మీద నాలుగు నిలువు గీతలే ఉంటాయి. నిజానికి అవి ఉండటమే సరైనది. మోత కూడా నమ్మదగ్గ సాక్ష్యం కాదు, లోహంలో సన్నటి పగులున్నా అసలు వెండి కూడా బొంగురుగానే పలుకుతుంది. నన్ను తికమక పెట్టింది అంచు ఒక్కటే. చెదిరిన చోటు కళ్లముందే ఉంది, కాదనలేను.

ఆ రాత్రి నాణేన్ని రెండు వేళ్ల మధ్య నిలబెట్టి, ఫోన్ లైటు పక్కనుంచి వేసి, భూతద్దంతో అంచంతా మెల్లగా తిప్పుతూ చూశాను. చెదిరింది ఒకచోట కాదు, రెండుచోట్ల. ఒకటి రాజు తల పైన, రెండోది సరిగ్గా దానికి ఎదురుగా, తేదీ కింద. ఆ రెండుచోట్లా గుర్తులు ఒకదాని మీద ఒకటి పడ్డాయే తప్ప నిలువుగా అతుకు గీత ఎక్కడా లేదు. అప్పుడు వెలిగింది. ఆ రోజుల్లో బిళ్లను రెండు ఇనుప పట్టీల మధ్య దొర్లించి అంచు చెక్కేవాళ్లు. ఒక పట్టీ కదలదు, రెండోది కదులుతుంది. బిళ్ల సగం చుట్టు తిరిగేసరికి ఒక్కో పట్టీ సగం అంచు చెక్కుతుంది. రెండు సగాలూ కలిసే చోట్ల గుర్తులు ఒకదాని మీదకి ఒకటి ఎక్కుతాయి. కలిసే చోట్లు రెండే, అవీ ఎదురెదురుగానే. ఆ కొట్టువాడు దోషమని చూపించింది టంకశాల యంత్రం జాడ! అంచంతా ఏకధారగా, ఎక్కడా చెదరకుండా ఉంటేనే అనుమానించాలి. అంచు నడిమధ్యన చుట్టూ సన్నటి గీత కనిపిస్తే పోత నాణెమే.

ఇదే ఊళ్లో జరిగే లగునీయా ఆదివారం సంతలో ఒక పెద్దాయన తన దగ్గరున్న ఆ కాలపు నాణేల అంచులు ఓపిగ్గా చూపించాడు. అన్నిటికీ రెండేసి చోట్ల అదే గుర్తు. డబ్బులేమీ అడగలేదు. వ్యాపారులందరినీ ఒకే గాట కట్టకూడదు కాబట్టి ఇది కూడా చెప్పాలి.

చివరగా ఎక్స్‌రే మెషిన్. మన బంగారం కొట్లలో కంప్యూటర్ టెస్టింగ్ అంటారే, అదే. చిటికెలో అయిపోయింది. వెండి, రాగి, కొద్దిగా సీసం, లవలేశం బంగారం. ఆ బంగారమే ముఖ్యం. గనిలో వెండితో కలిసి వచ్చిన బంగారాన్ని అప్పటి పద్ధతులతో పూర్తిగా వేరుచేయలేకపోయేవాళ్లు. నేటి శుద్ధిచేసిన వెండితో చేసిన నకిలీలో అది కనిపించదు. ఈ మెషిన్ పైపొర మాత్రమే చూస్తుంది కాబట్టి పూత నాణేన్ని కూడా వెండి అనేస్తుంది, దాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. యాసిడ్ వేస్తానంటే ఒప్పుకోకండి. టూత్‌పేస్టుతో తోమకండి, తోమిన నాణేనికి ధర బాగా పడిపోతుంది. ఆకురాయి తీసినవాడి కొట్లో క్షణం కూడా నిలబడకండి.

కాగితం మీద అన్నీ రాసి, అంచు ఫోటోలతో ఓనరమ్మకు ఇచ్చాను. ఆవిడ అంతా చదివి, రేపు తనను ఆ కొట్టుకే తీసుకెళ్లమంది. అమ్మడానికి కాదట, ఆ కాగితం చూపించి మా ఆయన మోసపోలేదని చెప్పి రావడానికట. తప్పకుండా తీసుకెళ్తాను.