రోళ్లపాడులో ఎండెక్కాక

కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా రోళ్లపాడు చేరేసరికి పొద్దున ఏడు దాటింది. నందికొట్కూరులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కోసం ఆగకపోతే ఇంకాస్త ముందే చేరేవాళ్లం. కానీ ఆ దారిలో వెళ్తూ ఉగ్గాని తినకుండా పోవడం నా వల్ల కాదు.

బట్టమేక పక్షి కోసం 1988లో ఏర్పాటైన అభయారణ్యం ఇది, 614 హెక్టార్లు. పేరుకే అరణ్యం, చెట్లు తక్కువ, ఎటు చూసినా గడ్డే. బట్టమేకలు దేశం మొత్తం మీద 150 లోపే మిగిలాయని అంచనా, వాటిలోనూ ఎక్కువ భాగం రాజస్థాన్‌లోనే. ఇక్కడ వాటిని చూశామనేవాళ్లు ఇప్పుడు అరుదు. మేమూ ఆ ఆశతో వెళ్లలేదు. నేను వెళ్లింది రాబర్ ఫ్లై అనే, పురుగుల్ని వేటాడే ఈగ కోసం. కృష్ణజింకల మంద దూరంగా మేస్తుంటే నా ఫ్రెండ్ తృప్తిగా ఫొటోలు తీసుకున్నాడు. వానలు తగ్గుముఖం పట్టిన రోజులు, గడ్డి మోకాలెత్తు పెరిగి, గింజల ముళ్లు ప్యాంటు నిండా గుచ్చుకున్నాయి.

తొమ్మిదిన్నర దాటాక మాతో వచ్చిన వాచర్ "ఎండెక్కితే ఇంకేముంటాది సార్ ఈడ, పోదాం పాండి" అన్నాడు.

నా పని మొదలయ్యేది అప్పుడే. రాబర్ ఫ్లైకి ఒళ్లు వేడెక్కితేగానీ వేట సాగదు. ఒక ఎండుపుల్ల చివర కూర్చుని ఉంది, బూడిద రంగు, సన్నగా పొడుగ్గా సాగిన పొట్ట. చూడగానే కందిరీగేమో అనిపిస్తుంది కానీ రెక్కలు రెండే, అంటే ఇది ఈగే. రెండు పెద్ద కళ్ల మధ్య నడినెత్తి లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. ముఖం మీద బిరుసు వెంట్రుకల గుబురు మీసం. అది అలంకారం కాదు, పట్టుబడ్డ పురుగు కాళ్లు కొట్టుకుంటున్నప్పుడు ముఖానికి దెబ్బ తగలకుండా అడ్డు.

గడ్డిలో గొంతుక్కూర్చున్నాం. ఒక తేనెటీగ పైనుంచి పోయింది. పుల్ల మీది ఈగ దాని వెనక పడలేదు. తేనెటీగ ఎక్కడికి చేరబోతోందో అక్కడికే సూటిగా లేచి, గాల్లోనే కాళ్లతో బిగించి పట్టుకుని మళ్లీ పుల్ల మీదికి వచ్చింది. మెడ దగ్గర మెత్తని సందు చూసి మూతి దించింది. దాని లాలాజలంలో నరాలను చచ్చుబరిచే విషమూ, లోపలి మాంసాన్ని కరిగించే ఎంజైములూ ఉంటాయి. కరిగినదాన్ని బొండంలో స్ట్రా వేసి తాగినట్టు పీల్చేసుకుంటుంది. చివరికి పొల్లు పెంకు కింద పడేసింది.

ఈ వేట లెక్కను కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2017లో ప్రచురించారు. వాళ్లు చూసింది హోల్కోసెఫాలా అనే అమెరికా రకాన్ని, పొడవు ఆరు మిల్లీమీటర్లే. సన్నటి దారానికి పూస కట్టి లాగితే అది అర మీటరు దూరం నుంచే గురిపెట్టి లేచిందట. దాదాపు 29 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చాక దారి మార్చుకుని, ఎర వేగానికి తన వేగం సరిచూసుకుని, వెనకనుంచి మెల్లగా అందుకుందట. అంత చిన్న తలకాయలో ఇంత లెక్క జరుగుతుందంటే నాకు జింకల పరుగుకన్నా ఇదే పెద్ద వింత.

మా దగ్గర పూసలెక్కడివి? చిన్న గులకరాయి ఒకటి పైకి విసిరాను. ఈగ లేచింది, దాదాపు రాయి దాకా వెళ్లి, తిరిగొచ్చి అదే పుల్ల మీద వాలింది. వాచర్ పకపకా నవ్వి, తనూ రాళ్లేరి విసరడం మొదలుపెట్టాడు. ఇక పోదామన్న మాటే ఎత్తలేదు.

కాసేపటికి ఒకటి మిడతను పట్టింది. ఇంకొకటి తన జాతి ఈగనే పట్టుకుని తింటోంది. దీనికి ఆ పట్టింపేమీ లేదు.

"మనుషుల్ని కుడుతుందా సార్?" అని అడిగాడు వాచర్. చేత్తో పట్టుకుంటే గట్టిగానే పొడుస్తుందనీ, దాని మానాన దాన్ని వదిలేస్తే మన జోలికి రాదనీ చెప్పాను. దీని జాతిలో చాలా రకాల పిల్లపురుగులు నేలలో పెరుగుతూ, అక్కడుండే పేడపురుగుల్లాంటి వాటి లార్వాలను తింటాయన్నాను. ఆయన కాసేపు పుల్ల వైపు చూశాడు.

"మా కంది చేన్లో గూడా ఉంటాయి సార్ ఇవి. కందిరీగలనుకుంటాంటిమి. మందు కొడితే ఇదీ పోతాదా?"

పోతుందన్నాను.