ఒక్క రేడియో, రెండు నెట్‌వర్కులు: బ్యాటరీ యాడ పోతుంది

ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల గురించి వరంగల్ వాళ్లకు కొత్తగ చెప్పేదేం లేదు, రేటు రాకపోతే రైతులు బస్తాలు అండ్ల పెట్టి నెలల తరబడి ఎదురుచూస్తరు. అసుంటి ఒక దాంట్ల టెంపరేచర్ చూసే సిస్టం పెడుతున్నం. బస్తాల మధ్యల చిన్న బ్లూటూత్ సెన్సార్లు, అవి చెప్పేది వినడానికి చాంబర్‌ల ఒక గేట్‌వే, అక్కడ్నించి ఆఫీస్ రూంల రౌటర్‌కు వైఫై. చాంబర్ లోపల ప్లగ్ పాయింట్ లేదు కాబట్టి గేట్‌వే కూడ బ్యాటరీ మీదనే బతకాలె, పైగా సలికి లిథియం బ్యాటరీ ఇచ్చే కెపాసిటీ ఇంకింత పడిపోతది. ఈ పనిల నాకు గట్టిగ అర్థమైన విషయం ఒకటుంది, ఎంబెడెడ్ ప్రాజెక్టులు చేసే తమ్ముళ్లు చెల్లెళ్లకు పనికొస్తదని రాస్తున్న.

గేట్‌వేల ఉండేది ఈఎస్‌పీ32 రకం చిప్. దాంట్ల వైఫై ఉంది, బ్లూటూత్ ఉంది, కాని 2.4 గిగాహెర్ట్జ్ రేడియో మాత్రం ఒక్కటే. క్రిస్టల్ ఒకటి, సింథసైజర్ ఒకటి, పవర్ యాంప్లిఫయర్ ఒకటి, యాంటెన్నా ఒకటి. అందుకే చిప్ అంత చిన్నగ, అంత సస్తాగ వస్తది. రెండు నెట్‌వర్కులు దాన్ని వంతులేసుకుని వాడుకోవాలె. ఆ వంతులు చూసేదాన్ని ఆర్బిటర్ అంటరు, చెరువు కింద తూము దగ్గర నీరటి ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు ఇడవాల్నో చూసినట్టే ఇది కూడ ఏ ప్యాకెట్ ముందు, ఏ ప్యాకెట్ ఎనుక అని తేలుస్తది. వైఫై, బ్లూటూత్ ఒకే డబ్బాల ఎట్ల ఇమడాలె అన్నదాని మీద వైఫై లాంటి స్టాండర్డులు రాసే ఐఈఈఈ సంస్థ 2003లనే 802.15.2 అని డాక్యుమెంట్ ఇచ్చింది, ఈ వంతుల పద్ధతి అండ్ల ఉంది.

రేడియో ఒక్కటే అయితే కరెంట్ కూడ సగమే కదా అని చాలామంది అనుకుంటరు. కాదు. డేటాషీట్ చూడున్రి, ఈఎస్‌పీ32 వైఫైల పంపేటప్పుడు 240 మిల్లీఆంపియర్ల దాకా గుంజుతది, నిజమే, కాని పంపేది ఎంతసేపు, రెప్పపాటు కూడ కాదు. వినేటప్పుడు 100 మిల్లీఆంపియర్ల దాకా పోతది, ఆ వినుడు గంటలకొద్దీ నడుస్తది. డీప్ స్లీప్‌ల, అంటే రేడియో బంద్ చేసి చిప్ పడుకుంటే, 10 మైక్రోఆంపియర్లే. 2500 ఎంఏహెచ్ సెల్ పెట్టి రేడియోను ఊకెనే వినమని వదిలేస్తే 25 గంటలు, అంతే. అంటే బ్యాటరీని తినేది మాట్లాడుడు కాదు, ఎదురుచూసుడు.

మరి ఎందుకు అంతసేపు ఎదురుచూడాలె అంటే, అవతలోడు ఎప్పుడు మాట్లాడుతడో తెల్వక. మామూలు బీఎల్‌ఈ (తక్కువ కరెంట్ తినే బ్లూటూత్) సెన్సార్ అడ్వర్టైజ్‌మెంట్, అంటే ఎవరు వింటే వాళ్లకని వదిలే చిన్న సందేశం, పంపేటప్పుడు ప్రతిసారి మధ్యల ఉండే ఇంటర్వల్‌కు 0 నుంచి 10 మిల్లీసెకండ్ల దాకా ఇష్టమొచ్చిన ఆలస్యం కలుపుతది, రెండు సెన్సార్లు పదే పదే ఒకదాన్నొకటి గుద్దుకోవద్దని అట్ల పెట్టిన్రు, మంచి ఆలోచనే, కాని వినేటోడికి టైం పట్టుకునే దారి లేకుండ పోతది, కిటికీ తెరిచి పెట్టుకుని కూసోవాలె. ఆ కిటికీ తెరిచి ఉన్నంతసేపు వైఫైకి రేడియో లేదు.

ఇప్పుడు వైఫై దిక్కు రాండి, అసలు నష్టం ఇక్కడ జరుగుతది. గేట్‌వే రౌటర్‌కు చెప్పకుండ బ్లూటూత్ వినడానికి పోయిందనుకోండి, రౌటర్ ప్యాకెట్ పంపుతది, ముట్టిందని చెప్పే జవాబు (ఏసీకే) రాదు, మళ్ల పంపుతది, మళ్ల రాదు, సిగ్నల్ బాలేదేమో అనుకుని స్పీడ్ తగ్గిస్తది. 1500 బైట్ల ప్యాకెట్ 54 ఎంబీపీఎస్‌ల అయితే మిల్లీసెకండ్‌ల పావు వంతు కంటె తక్కువే పడుతది, 1 ఎంబీపీఎస్‌కు దిగితే 12 మిల్లీసెకండ్లు. ఇగ అంతసేపు రేడియో మేలుకొని వినాలె, ఆ 12 మిల్లీసెకండ్లల్ల మళ్ల బ్లూటూత్ వంతు వచ్చి పడే అవకాశం ఇంకా ఎక్కువ, ప్యాకెట్ మళ్ల పోతది. సిగ్నల్ ఫుల్లుగ ఉంటది, బ్యాటరీ మాత్రం కరిగిపోతుంటది. దీనికి మందు పాతదే, పోయే ముందు పవర్ మేనేజ్‌మెంట్ బిట్ పెట్టి డేటా లేని ఖాళీ ప్యాకెట్ (నల్ ఫ్రేమ్) ఒకటి పంపాలె, అంటే నేను పడుకుంటున్న అని రౌటర్‌కు చెప్పుడు. రౌటర్ ప్యాకెట్లు దాచిపెట్టి, అది మాటిమాటికి పంపే బీకన్ అనే సందేశంల నీకు ప్యాకెట్లు ఉన్నయని చెప్తది. నిజంగ పడుకున్నమా, బ్లూటూత్ దగ్గరికి పోయినమా, దానికి అనవసరం.

బీకన్ మామూలుగ 102.4 మిల్లీసెకండ్లకోసారి వస్తది. సెన్సార్‌తోని బీఎల్‌ఈ కనెక్షన్ పెట్టుకుంటే, ఎంత సేపటికోసారి మాట్లాడాల్నో చెప్పే ఇంటర్వల్‌ను 1.25 మిల్లీసెకండ్ల లెక్కన పెంచుకోవచ్చు, 102.4 ఆ లెక్కల కూసోదు. మనం 100 పెట్టినమనుకోండి, ప్రతిసారి 2.4 మిల్లీసెకండ్లు జరుగుకుంట జరుగుకుంట 4 సెకండ్లు దాటంగనే రెండు ఒకదాని మీద ఒకటి పడతయ్. ఇది తప్పించలేం, కాని ముందే లెక్కగట్టొచ్చు, ఏది ఒదులుకోవాల్నో మనమే చెప్పొచ్చు. టెంపరేచర్ రీడింగ్ ఒకటి పోతే మునిగిపోయేదేం లేదు, మిర్చి ఒక్క నిమిషంల పాడు కాదు.

నా మాట ఒక్కటే: రేడియో పంచుకుంటే కరెంట్ మిగలదు, టైం ముందే మాట్లాడుకుంటేనే మిగుల్తది. బ్లూటూత్ 5.0ల పీరియాడిక్ అడ్వర్టైజింగ్ అని వచ్చింది, దాంట్ల ఆ ఇష్టమొచ్చిన ఆలస్యం ఉండదు, ఒక్కసారి సింక్ అయితే గేట్‌వే సరిగ్గ ఆ టైంకే లేచి విని పడుకుంటది. పాత ఈఎస్‌పీ32 బ్లూటూత్ 4.2 దగ్గరే ఆగింది, అందుకే దాని తర్వాత వచ్చిన ఈఎస్‌పీ32-సీ3, సీ6 లాంటి చిప్‌లు తీసుకోమంటున్న. వైఫై 6ల టార్గెట్ వేక్ టైం కూడ ఇదే పని చేస్తది, ఎప్పుడు లేస్తనో రౌటర్‌తోని ముందే ఒప్పందం. సీ6కు అది వచ్చు, పైగా జిగ్‌బీ, థ్రెడ్ అనే తక్కువ కరెంట్ నెట్‌వర్కులు కూడ అదే రేడియో మీద నడుస్తయ్.

మన జేబుల రెండు సిమ్ముల ఫోన్ల కూడ ఇదే కథ. చాలా ఫోన్లల్ల రెండు సిమ్ములకు రేడియో ఒక్కటే, ఒక దాంట్ల కాల్ నడుస్తుంటే రెండోది అందుబాటుల లేదని వచ్చేది అందుకే. రెండు సిమ్ముల పేజింగ్, అంటే నీకు కాల్ వచ్చిందని టవర్ పిలిచే పిలుపు, ఒకేసారి పడితే ఏం చెయ్యాలె అన్నది మొబైల్ నెట్‌వర్క్ స్టాండర్డులు రాసే 3జీపీపీ రిలీజ్ 17ల గాని స్టాండర్డ్‌లకు ఎక్కలేదు.

కోల్డ్ స్టోరేజ్ సంగతికొస్తే, ఆఫీస్ రూంల ఉన్నది పాత రౌటర్, వైఫై 6 లేదు. దానికోసం రౌటర్ మార్చమని ఓనర్‌ను అడగబుద్ది కాలేదు. అందుకే వైఫైని అసలు కనెక్ట్ చేసి ఉంచుతలేం, పీరియాడిక్ సింక్‌తోని రీడింగులు తీసుకుని చిప్ మెమొరీల (ఫ్లాష్) రాసిపెట్టి, కొన్ని నిమిషాలకోసారి వైఫై లేపి అన్నీ ఒక్కసారే పంపి బంద్ చేస్తున్నం, టెంపరేచర్ గీత దాటితే మాత్రం ఆగకుండ అప్పటికప్పుడే పంపుతది. మీరు చేస్తుంటే కోడ్ రాసే ముందు ఒక పవర్ మీటర్ పెట్టి రేడియో వినే టైం ఎంతుందో కొలవున్రి, పంపే టైం తర్వాత చూసుకోవచ్చు.