మెనూ భాష రాకపోయినా నెట్ బాగుచేయొచ్చు

విదేశాల్లో, ఇండియా నుంచి వచ్చారంటే కంప్యూటర్ల సంగతంతా తెలుసనుకుంటారు. ఐటీ మనిషి లేని చిన్న ఆఫీసులో నెట్ పోతే అందరూ మనవైపే చూస్తారు. మెనూలేమో అక్కడి భాషలో ఉంటాయి. వాటితో కుస్తీ పట్టక్కర్లేదు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి సీఎండీ (cmd) అని కొట్టండి. అప్పుడొచ్చే నల్ల తెరలో కమాండ్లు ఏ దేశంలోనైనా ఒకటే. తిప్పలు పెట్టేది కీబోర్డు. జర్మన్ కీబోర్డులో స్లాష్‌కి షిఫ్ట్‌తో 7 నొక్కాలి. ఫ్రెంచి దాంట్లో పై వరస అంకెలకీ, చుక్కకీ కూడా షిఫ్టే.

నెట్ ఒక్కరికే పోయిందా, అందరికీనా అన్నది ముందు తేల్చుకోండి. ఒక్కరికే అయితే ఆ సిస్టంలో ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ (ipconfig /all) కొట్టండి. అందులో ఐపీ అడ్రసు (నెట్‌వర్క్‌లో ఆ సిస్టం నంబరు) 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచేది) నుంచి జవాబు రాలేదన్నమాట. వైరు, స్విచ్ (సిస్టంల వైర్లన్నీ కలిసే పెట్టె) పోర్టు మార్చినా అంతేనా? అయితే రౌటర్లో పూల్ (పంచడానికి పెట్టిన అడ్రసులు) చూడాలి. చివరి సంఖ్య 100 నుంచి 150 వరకే ఇచ్చి ఉంటే ఉన్నవి 51 అడ్రసులు. మనుషులు ఇరవైమందే అయినా ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ప్రింటర్లు కలిస్తే చాలవు. లీజు (అడ్రసు ఒకరి పేరిట ఉండే గడువు) 24 గంటలుంటే నిన్న వచ్చివెళ్లిన అతిథి ఫోను పేరిట అడ్రసు ఇవాళ కూడా ఇరుక్కుని ఉండొచ్చు. పూల్ పెంచండి, లీజు రెండు మూడు గంటలకు తగ్గించండి.

ఎక్కువమంది అడ్రసులు 192.168.1లో ఉండి కొందరివి 192.168.0లో కనిపిస్తే, ఎవరో ఇంటి రౌటర్ తెచ్చి దాని ల్యాన్ (లోపలి నెట్‌వర్క్) పోర్టుకి ఆఫీసు వైరు గుచ్చారని అనుమానించాలి. ఇది మహా చికాకు. ఎవరి డీహెచ్‌సీపీ ముందు పలికితే వాళ్లదే అడ్రసు కాబట్టి పొద్దున పనిచేసిన సిస్టం మధ్యాహ్నానికి పడకేస్తుంది. దొంగ రౌటర్ అడ్రసు అదే తెరలో డీహెచ్‌సీపీ సర్వర్ వరసలో దొరుకుతుంది. స్విచ్‌లో వైర్లు ఒక్కొక్కటే పీకుతూ దానికి పింగ్ (అవతలిది పలుకుతుందో లేదో చూసే కమాండు) ఎక్కడ ఆగితే అదే పోర్టు.

నెట్ ఉన్నా నత్తనడకైతే లింకు స్పీడు చూడండి. 1 జీబీపీఎస్ ఉండాల్సిన చోట 100 ఎంబీపీఎస్ ఉంటే చాలాసార్లు వైరు లోపలి నాలుగు జతల తీగల్లో ఒక జత తెగి ఉంటుంది. 100కి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి.

అందరికీ ఒకేసారి పోయి, స్విచ్ లైట్లన్నీ పిచ్చెక్కినట్టు మిణుకుతుంటే, ఒకే వైరు రెండు కొసలూ ఆ స్విచ్‌లోనే ఉన్నాయేమో వెతకండి. అదేమీ కాకపోతే ముందు గేట్‌వేకి (బయటికి దారిచ్చే రౌటర్ అడ్రసు), తర్వాత 8.8.8.8కి (బయట ఉన్న గూగుల్ సర్వర్), ఆఖర్న ఏదో ఒక సైటు పేరుకి పింగ్ చేయండి. అంకెలకు వెళ్లి పేరుకి వెళ్లకపోతే అది డీఎన్ఎస్ (సైటు పేరుని అంకెల అడ్రసుగా మార్చేది) గొడవ. గేట్‌వే దాటకపోతే రౌటర్ గానీ బయటి లైను గానీ.

లైను కంపెనీకి పరాయి భాషలో ఫోన్ చేయాల్సినప్పుడు ఈ ఫలితాలే పనికొస్తాయి. ఎన్ని గంటలకు పోయింది, ఏ లైటు ఏ రంగు, రౌటర్‌కి నేరుగా వైరు గుచ్చితే ఏమైంది అన్నవి కాగితం మీద రాసుకోండి. వాళ్లు మొదట రీస్టార్ట్ చేయమంటారు. చాలా రౌటర్లలో దాంతో లాగ్ (జరిగినవాటి చిట్టా) చెరిగిపోతుంది, కాబట్టి ముందే ఫోటో తీసిపెట్టుకోండి.