మోకాలు దూరిన రోజు

బ్రెజిలియన్ జియు-జిట్సు, అదే నేల మీద పట్లు పట్టే కుస్తీలాంటి ఆట, మొదలుపెట్టి 8 నెలలు. వైట్ బెల్టే ఇంకా, అంటే మొదటి మెట్టే. మొదట్లో ఆత్రంగా హీల్ హుక్‌ల (మడమ పట్టి కాలు మెలిపెట్టే పట్లు) వీడియో కోర్సు కొన్నాను. ఈ ఆట అంతర్జాతీయ సమాఖ్య ఐబీజేజేఎఫ్ పోటీల్లో అది పైస్థాయి బ్రౌన్, బ్లాక్ బెల్టులకే, అదీ నో-గీలోనే (గీ అనే మందపాటి కోటు వేసుకోని పోటీల్లోనే) అని తర్వాత తెలిసింది. ఈలోపు రోజూ సైడ్ కంట్రోల్ (పక్క నుంచి ఛాతీ మీద పడి అదిమే పట్టు) కింద నలిగి, ఊపిరాడక ట్యాప్ చేస్తూనే, అంటే ఓటమి ఒప్పుకుని చేత్తో తడుతూనే ఉన్నా.

కోర్సు కొనేముందు కోచ్‌ని అడగండి, "నేనెక్కడ ఎక్కువ దొరికిపోతున్నా?" అని. నేను ఈసారి అదే చేశా. ఎస్కేప్‌ల (పట్టులోంచి తప్పించుకోవడాల) కోర్సు ఒక్కటే తీసుకున్నా, వారానికి ఒకే పాఠం. ముంజేయి ఎదుటివాళ్ల మెడకి అడ్డం పెట్టి, నడుము పక్కకి జరిపి, ఆ సందులో మోకాలు దూర్చాలి. నేనేమో చేతులు చాపి తోసేదాన్ని, ఆ చాపిన చెయ్యే ఆర్మ్‌లాక్‌కి (చేతి కీలుని వంచే పట్టుకి) దొరికేది. సరిగ్గా ఆ తప్పునే వీడియోలో నెమ్మదిగా, రెండు వైపుల నుంచి చూపించారు. ఎంత మేలు చేసిందో చెప్పలేను. మంచి కోర్సంటే నాకిప్పుడు అదే, టెక్నిక్ ఎక్కడ చెడుతుందో కూడా చూపించేది.

నిన్న మోకాలు దూరింది. గార్డ్‌లోకి, అంటే ఎదుటివాళ్లని కాళ్లతో అడ్డుకునే స్థితిలోకి వచ్చేశా. నాకన్నా 20 కిలోలు బరువున్న అన్న నవ్వి, "బావుందమ్మా, మళ్లీ చెయ్" అన్నాడు.

మళ్లీ చేశా.