ఎడమ కాలి మీద బరువు

ఈ రోజు ఫిజియోథెరపిస్టు నాన్నగారి కుడి పాదాన్ని వంటింటి పీట మీద పెట్టించి, బరువంతా ఎడమ కాలి మీద వేసి నిలబడమన్నాడు. పక్షవాతం వచ్చింది ఎడమ వైపే. ఇంతకాలం నాన్నగారు ఆ కాలిని వెంట లాక్కుంటూ, మోయవలసినదంతా కుడి కాలి మీదకే నెట్టేస్తున్నారు. పీట మీదున్న పాదం అంత బరువు మోయలేదు కనుక, ఎడమ కాలు తన వంతు పని చేయక తప్పలేదు. మోకాలు వణికింది గానీ మడత పడలేదు. వెనుక గోడ మూల, ముందు బరువైన కుర్చీ, ఎడమ పక్కన కాస్త వెనగ్గా నేను: ఇవన్నీ కుదిరాకే ఈ అభ్యాసం మొదలుపెడతాము.

చూడవచ్చినవారు "కాలికి బలం వస్తే నడిచేస్తారండీ" అని ధైర్యం చెబుతారు. అది అభిమానంతో అన్నమాటే. అయితే మంచం మీద పడుకుని ఆ కాలిని చక్కగా పైకెత్తగలిగిన తరువాత కూడా, నాన్నగారు నిలబడగానే పక్కకు ఒరిగిపోయేవారు. నిలకడ అనేది ఒక్క కండబలంతో వచ్చేది కాదు. కళ్లు చూసినదాన్ని, లోపలి చెవి పసిగట్టిన కదలికను, పాదాలూ కీళ్లూ తెలిపే స్పర్శను మెదడు కలిపి అందుకుని, ఎప్పటికప్పుడు ఒంటిని సరిదిద్దుకోవాలి. కోటిపల్లి రేవులో పంటు ఎక్కినప్పుడు అల తగిలిన ప్రతిసారీ మన చీలమండలు మనకు తెలియకుండానే సర్దుకుంటాయి కదా, గట్టి నేల మీద కూడా ఆ పని సన్నగా జరుగుతూనే ఉంటుంది. నాన్నగారి ఎడమ పాదం నుంచి రావలసిన కబురు మందగించింది. అందుచేత ఆయన కళ్ల మీదే ఎక్కువగా ఆధారపడుతున్నారు, కరెంటు పోయిన రాత్రి ఎక్కువ తూలుతున్నారు. మంచం దగ్గర నుంచి బాత్‌రూము వరకు బ్యాటరీ దీపాలు పెట్టించాను.

సాయంత్రం దండెం దగ్గర జరిగిన అభ్యాసం నాకు ఎంతో నచ్చింది. ఆరిన తువ్వాళ్లను ఎడమ వైపున భుజం ఎత్తులో వేసి, కుడి చేత్తో అందుకోమన్నాము. చెయ్యి అటు సాగితే నడుము అటు వాలుతుంది, నడుము వాలితే బరువు ఎడమ పాదంలోకి దిగుతుంది. కుర్చీలోంచి లేచేటప్పుడు కూడా అంతే; ఎడమ పాదాన్ని కాస్త వెనక్కి, కుడి పాదాన్ని కాస్త ముందుకు ఉంచితే లేవడంలో ఎడమ కాలి వాటా పెరుగుతుంది.

పట్టుకునే తీరు గురించి మాత్రం నాకు గట్టి అభిప్రాయం ఉంది. ప్రేమకొద్దీ చాలామంది ఆ బలహీనమైన ఎడమ చేతినే పట్టుకుని పైకి లాగుతారు. పట్టు సడలిన భుజం కీలుకు అది ఎంతో హాని చేస్తుంది. పట్టుకోవలసింది నడుముకు కట్టిన పట్టీని, అదీ వదులుగా. ఏమాత్రం తూలనివ్వకుండా బిగించి పట్టుకుంటే, తూలినప్పుడు తనంతట తాను సర్దుకోవడం ఆ మెదడు ఎలా నేర్చుకుంటుంది? పడనివ్వకూడదు, కానీ తూలనివ్వాలి. ఆ రెండింటి నడుమ చేతిని సిద్ధంగా ఉంచి ఓర్చుకోవడమే పక్కన నిలబడేవారు నేర్చుకోవలసిన విద్య అని నా నమ్మకం.

వచ్చే వారం నిలకడను కొలిచే బెర్గ్ బ్యాలెన్స్ పరీక్ష మళ్లీ చేస్తామన్నారు. 1989లో కెనడాలో రూపొందించిన ఈ పరీక్షలో 14 పనులు ఉంటాయి, ఒక్కో పనికి 0 నుంచి 4 వరకు మార్కులు, మొత్తం 56. ఆసరా లేకుండా కూర్చోవడం, కళ్లు మూసుకుని నిలబడడం, చుట్టూ తిరగడం, ఒంటికాలి మీద నిలవడం వంటివన్నీ అందులోనివే. 45కు తగ్గితే పడే ప్రమాదం ఎక్కువని మొదట్లో అనుకున్నారు గానీ, ఆ ఒక్క అంకెతో ఎవరు పడతారో తేల్చలేమని తరువాతి పరిశీలనలు చెప్పాయి. నాకు ఆ మొత్తం కన్నా, ఏ పని దగ్గర మార్కు పోతోందో తెలియడమే ఎక్కువ ఉపయోగంగా ఉంది.

నాన్నగారి ధ్యాస అంతా కొబ్బరి తోట మీదే. "బోదె గట్టు మీదకు ఎప్పుడు వెళ్లనిస్తావు బాబూ?" అని ఈ రోజు మళ్లీ అడిగారు. తోటలో నేల ఎక్కడా సమంగా ఉండదు. అడుగడుగునా మట్టలు, డొక్కలు, వాన పడితే జిగట మన్ను. అందుకని ముందు గచ్చు మీద, తరువాత మడతపెట్టిన బొంత మీద, ఆపైన వాకిట్లోని మట్టి మీద నిలకడ కుదరాలని, గట్టు మాట ఆ తరువాతేనని ఫిజియోథెరపిస్టు నెమ్మదిగా చెప్పాడు. "నేల మీద పడిన కాయను వంగి తీసుకుని, తడబడకుండా వెనక్కి తిరగగలిగితే అప్పుడు చూద్దాం బాబాయిగారూ" అన్నాడు. వంగి వస్తువు తీయడం కూడా ఆ 14 పనుల్లో ఒకటే. రేపు చెప్పుతో మొదలుపెడతాము, అది కుదిరాక కొబ్బరికాయ.